రంగును నిలబెట్టిన ఆన్ ట్రూయిట్

అందరికీ నమస్కారం.

తెర మీద కనిపిస్తున్నది నిలువెత్తు చెక్క స్తంభం. చుట్టూ రంగు, అంతే. ఇది శిల్పమా, పెయింటింగా అని ఎవరైనా అడుగుతారు. దీన్ని చేసిన అమెరికన్ శిల్పి ఆన్ ట్రూయిట్ నలభై ఏళ్లకు పైగా ఆ రెండింటి మధ్యే పనిచేశారు.

ఆమె 1921లో బాల్టిమోర్‌లో పుట్టి, మేరీల్యాండ్‌లోని ఈస్టన్ అనే చిన్న ఊళ్లో పెరిగారు. చదివింది సైకాలజీ. శిల్పం నేర్చుకున్నది పెళ్లయ్యాక, వాషింగ్టన్‌లో. ఆ తర్వాత పదేళ్లకు పైగా వెతుకులాటే.

1961 నవంబరులో న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో అమెరికన్ చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ వేసిన కాన్వాసు ఆమె కంటపడింది. కళలో ఇంత రంగుకు, ఇంత ఖాళీకి చోటుంటుందా అనిపించింది. ఇంటికి వచ్చి చేసిన తొలి పని ఏమిటో తెలుసా? తెల్ల రంగు వేసిన మూడు చెక్కపలకలు, చిన్ననాటి ఊళ్లో ఇళ్ల ముందుండే దడి ముక్కలాగా. దాని పేరు కూడా 'ఫస్ట్'.

ఆమె పని తీరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలని ఉంది. ఆమె గీసి ఇచ్చిన కొలతలకు వడ్రంగులు లోపల బోలుగా ఉండే స్తంభం చేసేవారు. ఆ తర్వాతి పనంతా ఆమెదే. ఒక పూత అడ్డంగా, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, మరో పూత నిలువుగా, మళ్లీ రుద్దడం. ఇలా పూత మీద పూత వేస్తూ పోతే కుంచె జాడ మాయమవుతుంది. అప్పుడు రంగు చెక్కకు పూసినట్టుండదు, రంగే లేచి నిలబడ్డట్టుంటుంది.

1964 నుంచి 1967 దాకా భర్త ఉద్యోగరీత్యా జపాన్‌లో ఉన్నారు. అక్కడ అల్యూమినియంతో చేసిన శిల్పాలను తర్వాత తానే ధ్వంసం చేశారు. సొంత పని మీద అంత కఠినమైన తీర్పు ఇచ్చుకోవడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఆమెను మినిమలిస్టుల్లో, అంటే కళను సాదా ఆకారాలకు కుదించినవాళ్లలో, కలిపేస్తుంటారు. నాకు ఒప్పుదల లేదు. వాళ్లలో పేరున్న డొనాల్డ్ జడ్ తన పెట్టెల్లాంటి శిల్పాలను వర్క్‌షాపులో చేయించుకున్నారు, చేతి జాడే వద్దనుకున్నారు. ఈమె స్తంభాల్లో ఊళ్లున్నాయి, జ్ఞాపకాలున్నాయి, రోజుల తరబడి రుద్దిన చెయ్యి ఉంది. 2004లో మరణించేవరకూ ఆ చెయ్యి ఆగలేదు.

మళ్లీ తెర చూడండి. ఫొటోలో మనకు కనిపించేవి రెండు ముఖాలే. అంచు దాటాక అదే రంగు కొనసాగుతుందా, మారుతుందా? దాని చుట్టూ నడిచినవాళ్లకే తెలుస్తుంది.