ఒంటరి గదుల్లో చప్పుళ్ళు

శ్రోతలకు నమస్కారం. భయపెట్టే సినిమా అనగానే కిర్రుమనే తలుపు, నక్కల ఊళ, తెల్లచీర గుర్తొస్తాయి. ఇవాళ నేను మాట్లాడబోయే సినిమాల్లో దయ్యం లేదు. ఒక్క మనిషి ఉంటాడు, లేదా ఉంటుంది. ఆ మనిషి ఎంత ఒంటరో చెప్పడానికి ఈ దర్శకులు కెమెరాతో పాటు మన చెవుల్ని కూడా బాగా వాడుకున్నారు. రేడియోలో సినిమాల ముచ్చటేమిటని అడిగేవారికి నా జవాబు అదే.

రోమన్ పొలాన్‌స్కీ 1965లో తీసిన 'రిపల్షన్' చూడండి. కేరొల్ బెల్జియం నుంచి లండన్ వచ్చిన అమ్మాయి. బ్యూటీ పార్లర్‌లో గోళ్ళు తీర్చిదిద్దే పని. క్యాథరీన్ డెనూవ్ ఈ పాత్ర వేసింది. అక్కతో కలిసి ఫ్లాట్‌లో ఉంటుంది. అక్కకు ఒక ప్రియుడు, పెళ్ళయినవాడు. అతని టూత్‌బ్రష్ తన గ్లాసులో కనిపిస్తేనే కేరొల్‌కి కంపరం. మగవాళ్ళు దగ్గరికొస్తే భరించలేదు. ఆ అక్క ప్రియుడితో కలిసి ఇటలీ షికారుకు బయల్దేరుతుంది. వెళ్ళొద్దని చెల్లెలు బతిమాలినా వినదు.

ఇక ఆ ఇంట్లో కేరొల్, వండకుండా వదిలేసిన ఒక కుందేలు మాంసం. మాంసం కుళ్ళుతుంది, ఈగలు ముసురుతాయి, బంగాళాదుంపలకు మొలకలొస్తాయి. రోజులు గడిచాయని దర్శకుడు అలా చెబుతాడు. మనకు వినిపించేవి కుళాయి చుక్క, గడియారం, పక్కనున్న క్రైస్తవ సన్యాసినుల మఠం గంట, ఎక్కడో ఎవరో సాధన చేస్తున్న పియానో. వీటిలో భయపడాల్సింది ఒక్కటీ లేదు. ఇంట్లో నలుగురు మసలుతుంటే అసలు చెవినే పడవు. కేరొల్‌కి మాత్రం అవి తప్ప ఇంకేమీ వినిపించదు. కాసేపటికి మనకూ అంతే.

గోడలు పగులుతున్నట్టు, ఎవడో గదిలో జొరబడి మీదపడుతున్నట్టు ఆమెకు అనిపిస్తుంది. ఆ ఘట్టాల్లో పొలాన్‌స్కీ శబ్దమంతా తీసేశాడు. ఆమె నోరు తెరిచి అరుస్తోంది, కేక రాదు. గడియారం టిక్‌టిక్ ఒక్కటే. కేక వినిపించి ఉంటే ఇది సినిమాయేలే అని సర్దుకునేవాళ్ళం. ఆ వీలు కూడా ఇవ్వలేదు మహానుభావుడు.

మహానుభావుడు అన్నాను గానీ, ఆ మాట గొంతుకు అడ్డం పడుతుంది. ఈయన 1977లో అమెరికాలో ఒక మైనర్ బాలికపై లైంగిక నేరం ఒప్పుకుని, శిక్ష ఖరారు కాకముందే ఆ దేశం వదిలి పారిపోయిన మనిషి. ఆడపిల్ల భయాన్ని ఇంత దగ్గరగా చూపించిన సినిమా ఆయన చేతి నుంచే వచ్చింది. ఈ రెంటినీ నేను సమాధానపరచుకోలేను.

దీనికి ఐదేళ్ళ ముందు, 1960లో, అదే లండన్ నేపథ్యంగా మైకేల్ పావెల్ తీసిన 'పీపింగ్ టామ్' వచ్చింది. మార్క్ సినిమా స్టూడియోలో ఫోకస్ పుల్లర్, అంటే కెమెరా ఫోకస్ సరిచేసే సహాయకుడు. బిడియస్తుడు, మర్యాదస్తుడు. ఆడవాళ్ళను చంపుతూ వాళ్ళ ముఖంలో భయాన్ని తన కెమెరాలోకి ఎక్కిస్తాడు. మార్క్ నాన్న శాస్త్రవేత్త. పిల్లవాడికి భయం ఎలా పుడుతుందో తెలుసుకోవాలని సొంత కొడుకునే జడిపించి, ఫిల్ములు తీసి, ఏడుపులు టేపుల్లో రికార్డు చేశాడు. ఆ తండ్రి వేషం పావెలే వేశాడు, పిల్లవాడిగా తన కొడుకునే పెట్టాడు. విమర్శకులు దుమ్మెత్తి పోశారు, బ్రిటన్‌లో ఆయన సినీ జీవితం దాదాపు అక్కడితో ముగిసింది.

నాకు అందులో అందరికంటే నచ్చేది కింది వాటాలో ఉండే స్టీఫెన్స్ గారు. చూపు లేదు. రోజూ రాత్రి పైగదిలో మార్క్ అడుగులు వింటూ ఉంటుంది. కూతురు అతన్ని సిగ్గరి అంటుంది. నడక అలా లేదు, దొంగ నడక అంటుంది తల్లి. ఊళ్ళో పోలీసులకు దొరకని మనిషిని ఆమె చెవులతోనే పట్టేసింది. ఒక రాత్రి అతని గదిలోకే వచ్చి కూర్చుంటుంది. ఫిల్ము ఆడుతున్న ప్రొజెక్టర్, అతని ఊపిరి, ఆమె ప్రశ్నలు. ఆ ఘట్టాన్ని కళ్ళు మూసుకుని విన్నా ఒళ్ళు జలదరిస్తుంది.

అదే ఏడాది వచ్చిన హిచ్‌కాక్ 'సైకో' మీకు తెలిసిందే, ఎక్కువ చెప్పను. హైవే దారి మళ్ళిపోయి గిరాకీ లేని ఆ మోటెల్‌ను నడిపే నార్మన్‌కు తోడు తల్లి గొంతు. అంత గొప్ప సినిమా చివర్లో ఒక డాక్టరు గారు నిలబడి జబ్బు గురించి పాఠం చెబుతాడు. ఆయన మొదలుపెట్టగానే నేను టీ పెట్టుకోవడానికి లేస్తాను.

మన దక్షిణాదిలో ఈ కోవకు దగ్గరగా వచ్చింది మలయాళ 'మణిచిత్రతాళ్', 1993. దాని వేళ్ళ మీదే మొలిచిన 'చంద్రముఖి' మనవాళ్ళకు బాగా తెలుసు. తమిళ 'చంద్రముఖి'లో ఆ నర్తకి తెలుగామె, "రారా" పాట తెలుగులోనే ఉంటుంది. నా ఓటు మాత్రం పాతదానికే. అక్కడ కథానాయిక గంగ ఉన్నది ఖాళీ ఫ్లాట్‌లో కాదు, ఇంటినిండా చుట్టాలే. మొగుడికి పని తప్ప వేరే ధ్యాస లేదు. అర్ధరాత్రి గజ్జెలు మోగుతుంటే అందరూ అనుమానించేది చుట్టాలమ్మాయి శ్రీదేవిని. అమ్మానాన్నలు దూరాన కలకత్తాలో ఉంటే బామ్మ దగ్గర పెరిగిన పిల్ల గంగ అని, ఆ బాల్యంలో ఏం జరిగిందని ఆ ఇంట్లో ఒక్కరూ ఆరా తీయరు. డాక్టర్ సన్నీ ఆమె పెరిగిన ఊరు వెళ్ళి వాకబు చేస్తే గానీ సంగతి బయటపడదు. ఈ డాక్టరు మాట్లాడుతుంటే మాత్రం టీకి లేవను.