గడ్డి, బూడిద, సీసం: కీఫర్ కాన్వాస్ మీద యుద్ధం

[విజువల్: బాంబులకు కూలిన వీధి, ఇటుకల గుట్టలు]

వాయిస్: 1945 మార్చి 8. యూరప్‌లో యుద్ధం ముగియడానికి సరిగ్గా రెండు నెలల ముందు జర్మనీలో అన్సెల్మ్ కీఫర్ పుట్టారు. చిన్నతనంలో ఆయన ఆటవస్తువులు శిథిలాల్లోని ఇటుకలే. చిత్రకారుడయ్యాక యుద్ధాన్ని గీసి ఊరుకోలేదు. కాలేవీ రాలేవీ తెచ్చి కాన్వాస్‌కే అతికించారు.

[విజువల్: ‘మార్గరెటే’, 1981. కెమెరా గడ్డిపరకల కొసల దాకా వెళ్తుంది]

వాయిస్: ఎత్తు 280 సెంటీమీటర్లు, వెడల్పు 380. నూనె రంగు, యాక్రిలిక్, ఎమల్షన్, వాటిపైన నిజమైన ఎండుగడ్డి. కొసలు చూడండి, రంగుతో వేసిన చిన్న చిన్న మంటలు. యుద్ధంలో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న యూదు కవి పాల్ సెలాన్ కవితలో ఇద్దరు స్త్రీలుంటారు. జర్మన్ స్త్రీ మార్గరెటేది బంగారు జుట్టు, యూదు స్త్రీ షులమిత్‌ది బూడిద జుట్టు. ఇక్కడ ఆ బంగారు జుట్టు ఈ గడ్డే. అంటుకుంటే మిగిలేది బూడిదే! పసుపు రంగు ఎంత బాగా పూసినా ఈ మాట చెప్పలేదు.

[విజువల్: ‘షులమిత్’, 1983]

వాయిస్: ఇటుక కమానుల కింద చీకటి. జర్మన్ సైనికుల స్మారకంగా నాజీల కాలంలో విల్‌హెల్మ్ క్రైస్ రూపకల్పన చేసిన మందిరం ఇది. కీఫర్ దానికి యూదు స్త్రీ పేరు పెట్టి, లోపలి కొసన సన్నగా మంటలు వెలిగించారు.

[విజువల్: మడతలు పడిన సీసపు రేకు]

వాయిస్: ఇక సీసం. 1980లలో జర్మనీలోని పెద్ద చర్చి కొలోన్ కెథడ్రల్ పైకప్పు నుంచి తీసిన పాత సీసాన్ని ఆయన కొన్నారు. 327 డిగ్రీలకే కరుగుతుంది, చేత్తో వంగుతుంది. కానీ 2 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకు దాదాపు 23 కిలోలు. మామూలు కాన్వాస్ ఆ బరువు మోయలేదు, వెనక గట్టి పలక ఉండాలి. ఓక్ చెక్క పెట్టెలో దాస్తే ఇంకో చిక్కు: చెక్క వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం మీద తెల్లటి పొడి పుడుతుంది. అది విషం. ఊదకూడదు, వట్టి చేత్తో తుడవకూడదు.

[విజువల్: చిక్కటి మీడియంలో గడ్డిని నొక్కుతున్న చేతులు]

వాయిస్: ఈ పద్ధతి మీరూ ప్రయత్నిస్తుంటే సీసం జోలికి పోకండి, గడ్డి చాలు. లోపలి తడి కూడా ఆరాలి, లేకపోతే బూజు పడుతుంది. కాల్చిన అంచులు కావాలంటే అతికించక ముందే, ఆరుబయట కాల్చండి. ఆరిన యాక్రిలిక్‌ను కాలిస్తే హానికరమైన పొగ వస్తుంది. పరకల్ని పైపైన పేర్చొద్దు, సగం లోతు మీడియంలోకి, అంటే జిగురులా పట్టి ఉంచే చిక్కటి యాక్రిలిక్ ముద్దలోకి, దిగేలా నొక్కండి. బూడిద జల్లించి, రెండు మూడు సార్లు నీళ్లతో కడిగి, ఆరాకే కలపండి. దాని క్షారం అలాగే ఉంటే ప్రష్యన్ నీలం వెలిసిపోతుంది.

అయినా కొన్ని పరకలు రాలతాయి. వాటిని కవర్లో వేసి, ఏ మూల నుంచి రాలాయో దాని మీద రాసి దాచండి.