రై గడ్డి విత్తనం: అనంతపురం చలికాలానికి ఏది తగును?

నమస్కారం. బోరు కింద అరెకరమో ఎకరమో ఉండి, వేరుశనగ పీకిన మడిలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆవులకు, గొర్రెలకు పచ్చిమేత కావాలనుకునే రైతుల కోసం ఈ వీడియో. ఒక్క పంటకాలంలో బతుకు ముగించే ఏకవార్షిక రై గడ్డిలో మేలురకాన్ని ఎలా ఎంచుకోవాలో చెబుతాను. ముందుగా ఒక మాట తెలియాలి. ఇది చల్లని ప్రాంతాల గడ్డి. సుమారు 18 నుంచి 20 డిగ్రీల వేడిలో ఏపుగా పెరుగుతుంది, 25 డిగ్రీలు దాటితే మందగిస్తుంది. మన ఉమ్మడి జిల్లాలో డిసెంబరు మధ్యాహ్నాలు సైతం 30 డిగ్రీల దరిదాపులకు చేరుతాయి కనుక, మడకశిర వంటి కాస్త ఎత్తైన, చల్లని చోట్ల దీనిమీద ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు గాని, తాడిపత్రి వైపు వారికి నేనైతే దీన్ని సిఫారసు చేయను.

సంచి మీద కంపెనీవారు గొప్పగా రాసేది, ఆ రకం ఆలస్యంగా వెన్ను (గింజ కంకి) తీస్తుందని. వెన్ను తీసిన గడ్డికి కాడ గట్టిపడి, అరుగుదల తగ్గుతుంది. అందువల్ల వసంతం చల్లగా, పొడుగ్గా సాగే న్యూజిలాండ్ వంటి దేశాల్లో ఆలస్యపు రకం రైతుకు మరికొన్ని వారాలు లేత ఆకును ఇస్తుంది, దానికి ఎక్కువ ధర పెట్టడంలోనూ అర్థముంది. మనకు మార్చి ఎండ వచ్చిందంటే, వెన్ను తీసినా తీయకపోయినా గడ్డి ఎండిపోతుంది. రాని వారాలకు డబ్బు కట్టడమెందుకు? కాబట్టి మీరు అమ్మేవారిని అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: విత్తిన తరువాత మొదటి మేపుకు ఎన్నాళ్లలో అందుతుంది, ఆ తొలి రెండు మేపుల్లో ఎంత మేత ఇస్తుంది? మన చలికాలం నిడివికి ఆ జవాబే ముఖ్యం.

తరువాత డిప్లాయిడ్, టెట్రాప్లాయిడ్ అనే మాటలు వినబడతాయి. టెట్రాప్లాయిడ్ రకంలో క్రోమోజోములు డిప్లాయిడ్ కంటే రెట్టింపు ఉంటాయి. ఆకు వెడల్పుగా, మెత్తగా ఉంటుంది, పశువులు ఇష్టంగా తింటాయి, కాని ఆకులో నీరు ఎక్కువ. డిప్లాయిడ్ సన్నని పిలకలను ఎక్కువగా వేసి, నేలను దట్టంగా కప్పి, తొక్కుడును బాగా తట్టుకుంటుంది. కోసి కొట్టంలో వేసే పాడి రైతుకు మొదటిది, మందను మడిలోకి వదిలే గొర్రెల రైతుకు రెండవది నయం. టెట్రాప్లాయిడ్ గింజ పెద్దది గనుక కిలోకు తక్కువ గింజలు వస్తాయి. ఎకరాకు డిప్లాయిడ్ సుమారు 10 కిలోలు సరిపోతే, దీనికి 12 నుంచి 14 కిలోలు పడుతుంది. ధర పోల్చేటప్పుడు కిలో లెక్కన గాక ఎకరం లెక్కన పోల్చండి.

రకం పేరు లేకుండా కేవలం ‘రై గ్రాస్’ అని రాసిన సంచిని కొనవద్దు. కొన్న విత్తనంలో 100 గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో చుట్టి, వారం తరువాత ఎన్ని మొలిచాయో చూడండి. విత్తేటప్పుడు గింజ ఒక సెంటీమీటరుకు మించి లోతుకు పోరాదు. మొదటిసారి నేను వేరుశనగకు అలవాటైన గొర్రుతోనే విత్తి, సగం మడి ఖాళీగా చూసుకున్నాను. చల్లి, పైపైన మండ లాగి, పలుచగా తడి పెట్టడమే మంచిది.

మేపుకు వదిలే సమయాన్ని ఎత్తును బట్టి గాక ఆకులను బట్టి నిర్ణయించండి. ఒక్కో పిలకకు ఒకేసారి మూడు పచ్చి ఆకులే నిలుస్తాయి, నాలుగవది వచ్చేసరికి మొదటిది పండిపోతుంది. మూడవ ఆకు విచ్చుకోగానే మేపితే మేత వృథా కాదు, మొక్కలో బలమూ ఉంటుంది. నేల మీద 5 సెంటీమీటర్లు మిగలనివ్వాలి, ఎందుకంటే తిరిగి చిగురించడానికి కావలసిన నిల్వ ఆ కాడ మొదలులోనే ఉంటుంది. లేత గడ్డిలో నీరే ఎక్కువ కనుక ముందు జొన్న సొప్పనో వేరుశనగ కట్టెనో వేసి, ఆ తరువాతే మడిలోకి తోలండి. యూరియా వేసిన వెంటనే మాత్రం మేపవద్దు.

ఇంత ఆలోచించాక కూడా సందేహంగా ఉంటే, సగం మడికి మేత ఓట్స్ వేయండి. కెంట్ రకంగాని, ఝాన్సీ నుంచి వచ్చిన జె.హెచ్.ఓ. 822 గాని ఎకరాకు 40 కిలోలు విత్తితే, 50 నుంచి 60 రోజుల్లో మొదటి కోత వస్తుంది. స్థానికంగా ఏ విత్తనం దొరుకుతుందో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ఫిబ్రవరి చివర బోరులో నీరు తగ్గేసరికి గడ్డికి తడి ఆపి, మిగిలినదంతా గొర్రెలతో మేపించి, రెండు రాత్రులు అక్కడే మంద కట్టించి, మడిని దున్నేయండి.