పూలదారంతో కొలిచిన దూరం

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవిలో మా పిన్ని, తన కూతురి పురిటికని అమెరికా బయల్దేరింది. ముందు హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి నేరుగా శాన్‌ఫ్రాన్సిస్కో. టికెట్ నా చేతికిచ్చి, "ఏరా, ఢిల్లీలో తెల్లారుజామున నాలుగింటికి ఎక్కితే అదే రోజు పొద్దున ఆరున్నరకి దిగుతామని ఉంది. రెండున్నర గంటల్లో అమెరికానా?" అంది.

టికెట్ మీద ఎక్కడి టైము అక్కడిదే వేస్తారు. వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక నడుస్తుంది, చలికాలంలో పదమూడున్నర. పిన్ని చెప్పిన రెండున్నరకి పన్నెండున్నర కలిపితే 15 గంటలు. షుగరు, బీపీ మాత్రలు వాడే పెద్దవాళ్లు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి. రెండు మాత్రలకి మధ్య ఎన్ని గంటలు ఉండాలో డాక్టర్‌ని ముందే అడిగి, కాగితం మీద రాసుకోవాలి. పిన్ని చేత అలాగే రాయించాను.

తర్వాత దూరం ఎంతని అడిగింది. పిల్లల గ్లోబు తెచ్చి, ఆవిడ మాలలు కట్టే దారం ఒక కొస ఢిల్లీ మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగాం. గోడకి తగిలించే మ్యాపులో ఎప్పుడూ కనిపించని దారి అది! చైనా పడమటి కొస, రష్యా దాటి, ఆర్కిటిక్ మంచు మీదుగా అలాస్కాలోకి దిగింది. దాదాపు 12,400 కిలోమీటర్లు. రెండు ఊళ్ల మధ్య విమాన దూరం అని చెప్పేది మామూలుగా ఈ దారం పొడవునే.

కానీ పైలట్ దారం వెంటే పోవాలని లేదు. పైన పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి ఏరులాంటి గాలి వీస్తుంటుంది. చలికాలంలో దాని జోరు మరీ ఎక్కువ. విమానం వేగం గంటకి 900 కిలోమీటర్లు అనుకుందాం. 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద లెక్కకి 800 మిగులుతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే 1,000. ఈ 12,400 కిలోమీటర్లకి మొదటి లెక్కన పదిహేనున్నర గంటలు, రెండో లెక్కన పన్నెండున్నర లోపే. ఏటికి ఎదురీదడానికీ, ఏటివాలున పోవడానికీ అంత తేడా.

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా సరిగ్గా ఇదే చేసింది. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు పంపడం మాని, తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపింది. 15 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం, పాత దారికంటే వెయ్యికి పైగా ఎక్కువ. అయినా గాలివాలున పద్నాలుగున్నర గంటల్లో దిగింది. అంత దూరం ఎక్కువై కూడా టైము కలిసిరావడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇంకో మాట. టికెట్ మీద టైములో గాల్లో ఉండేదే కాదు, గేటు దగ్గర కదిలి రన్‌వే దాకా పాకేదీ, దిగాక మళ్లీ గేటుకి చేరేదీ కలిసే ఉంటాయి.

పిన్ని దిగగానే ఫోన్ చేసింది. "ఇరవై నిమిషాలు ముందే వచ్చేశాం రా. గాలి మా వెనకే ఉన్నట్టుంది" అంది.