తొలకరి బుట్ట

శ్రోతలందరికీ నమస్కారం.

మృగశిర కార్తె వచ్చిందంటే మా తోట కూరగాయలు వారం వారం బుట్టల్లో తీసుకునేవాళ్ల ఫోన్లు ఎక్కువవుతాయి. "అక్కా, ఈ వారం కూడా ఆకుకూరలేనా?" అని. కొందరు మొహమాటపడుతూ అడుగుతారు, కొందరు సూటిగానే అడిగేస్తారు. నాకేం బాధ లేదు. మే నెలలోనే నాలుగు నెలల డబ్బు చేతిలో పెట్టినవాళ్లు, అడిగే హక్కు వాళ్లకుంది. కాకపోతే ఫోన్లో రెండు ముక్కల్లో తేలిపోయే జవాబు కాదది. అందుకే ఇవాళ రేడియోలో తీరిగ్గా చెప్తాను.

ముందు మా పద్ధతి చెప్పాలి. చేవెళ్ల వైపు మాకు ఎకరంన్నర చల్క నేల, అంటే ఇసుక కలిసిన ఎర్ర నేల, ఉంది. ఒక బోరు, దానికి డ్రిప్పు. హైదరాబాదులో ఉండే 32 కుటుంబాలు సీజన్‌కు ముందే డబ్బు కడతాయి. ప్రతి శనివారం తోటలో ఏది కోతకొస్తే అది 32 బుట్టలకు సమంగా పంచుతాం. బాగా పండితే బుట్ట నిండుతుంది, వడగళ్లు పడితే వెలితిగా వెళ్తుంది. పాలకు వాడుక పెట్టుకోవడం మనందరికీ తెలుసు కదా? ఇది కూరగాయల వాడుక అనుకోండి. తేడా ఒక్కటే, పాలకు నెల తిరిగాక ఇస్తాం, ఇక్కడ విత్తనం వెయ్యకముందే ఇస్తారు. జపాన్‌లో 1970లలోనే గృహిణులు, రైతులు కలిసి 'తెయికెయి' పేరుతో ఇలాంటి ఏర్పాటు చేసుకున్నారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల్లో రెండు తోటలు ఇలాగే మొదలయ్యాయి.

ఆ ముందు డబ్బు విలువ మే, జూన్ నెలల్లోనే తెలుస్తుంది. విత్తనం, పశువుల ఎరువు, పందిరి కర్రలు, తీగ, దున్నకం, కూలి, అన్ని ఖర్చులూ అప్పుడే మీద పడతాయి. అమ్ముకోవడానికి మాత్రం ఏమీ ఉండదు. ఇదివరకు ఈ రెండు నెలలకూ అప్పు తెచ్చేవాళ్లం. ఆగస్టులో పంట చేతికి రాగానే, మిత్తి పెరుగుతోందన్న భయంతో, ఏ ధర పలికితే ఆ ధరకు ఇచ్చేసి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. రాత్రి వాన చప్పుడు వింటే హాయిగా నిద్రపడుతోంది.

ఇక అసలు ప్రశ్న. జూన్‌లో కాయలెందుకు రావు?

మృగశిరలో బీర గింజ పెడితే మొదటి కాయ కొయ్యడానికి 50 నుంచి 60 రోజులు పడుతుంది. కాకర, సొర కూడా ఇంచుమించు అంతే. వంగ అయితే నారుమడిలోనే నెల రోజులుంటుంది, నాటాక ఇంకో రెండు నెలలు ఆగాలి. కాయల్లో బెండే కాస్త త్వరగా, 45, 50 రోజులకు అందుతుంది. తోటకూర నెల తిరక్కుండానే కోతకొస్తుంది, మెంతికూర ఇంకా ముందే. అంటే తొలకరికి వేసిన తోటలో మొదట చేతికొచ్చేది ఆకే. నీడ వల కింద, డ్రిప్పు మీద మే నెలలో వేసుకున్న తోటకూర, పుంటికూర (గోంగూర) జూన్ బుట్టలకు అందుతాయి. వానను నమ్ముకున్న పందిరి కూరలు ఆగస్టుకు గానీ రావు.

పోనీ, ఇంకా ముందే వేసెయ్యొచ్చు కదా అంటారు. తొలకరి ఒక్కోసారి మోసం చేస్తుంది. మొదటి వాన దంచి కొడుతుంది, మట్టి వాసనకు మనసు ఆగదు, విత్తనం వేసేస్తాం. ఆ తర్వాత పదిహేను రోజులు చినుకు ఉండదు. మొలిచిన మొలక మొలిచినట్టే మాడిపోతుంది. అందుకే మా అత్తమ్మ వాన పడిన మర్నాడు చేలోకెళ్లి, కొడవలి మొనతో మట్టి తవ్వి చూస్తుంది. జానెడు లోతు తడి దిగితేనే "పెట్టండి" అంటుంది. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకేస్తుందని సామెత. ఎద్దు రంకేసినా మా అత్తమ్మ మాత్రం మట్టి చూడందే ఒప్పుకోదు.

ఒక ఏడాది మేం దెబ్బతిన్నది వాన వల్ల కాదు, విత్తనం వల్ల. ఒక దుకాణంలో బెండ విత్తనం కొన్నాం, ప్యాకెట్ చూస్తే అంతా బాగానే ఉంది. సాళ్లలో సగం కూడా మొలవలేదు. మళ్లీ విత్తనం తెచ్చి వేసేసరికి మూడు వారాలు గడిచిపోయాయి. బెండ లేని ఆ మూడు వారాలకూ నేను 32 ఇళ్లకు సంజాయిషీ చెప్పుకున్నాను. అప్పటినుంచి ఏ విత్తనమైనా ముందు వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి పెడతాం. వారం తర్వాత విప్పి మొలకలు లెక్కిస్తాం. వందకు డెబ్భై దాటకపోతే ఆ సంచీ చేలోకి పోదు. బీరకైతే జగిత్యాల లాంగ్ రకం గింజలు మేమే తీసి దాచుకుంటున్నాం. పందిరి మీదే బాగా ముదిరి ఎండిన నాలుగు కాయలు చాలు, మరుసటి ఏడాదికి సరిపోతాయి.

బీర మొలిచిన మొదటి పది రోజులూ నాకు నిద్ర తెల్లవారుజామునే పోతుంది. గింజ నుంచి వచ్చే మొదటి రెండాకులు చూశారా? గుండ్రంగా, దళసరిగా, చిన్నపిల్ల చెవుల్లా ఉంటాయి. వాటికోసమే నారింజ రంగు పెంకు పురుగు వస్తుంది, గుమ్మడి పెంకు పురుగంటాం. ఆకు మీద కూర్చుని గుండ్రంగా చిల్లులు కొడుతుంది. రెండు రోజులు మనం చూసుకోలేదంటే ఈనె తప్ప ఏమీ మిగలదు. ఆ మొక్క మళ్లీ తేరుకోదు. ఆరు గంటలకల్లా, మంచు తడి ఆరకముందే, పొయ్యిలోని కట్టెల బూడిద జల్లెడ పట్టి పల్చటి గుడ్డలో మూటకట్టి తీసుకెళ్తాను. ప్రతి పాదు మీదా మూటను రెండుసార్లు తట్టాలి. ఆ తడికి బూడిద ఆకును అంటుకుంటుంది, పురుగు దాని మీద వాలదు. పొద్దుటి చల్లదనానికి కదలకుండా ఆకు కిందే ఉన్నవాటిని చేత్తో ఏరేస్తాను. వాన పడితే బూడిద కొట్టుకుపోతుంది, మర్నాడు మళ్లీ మొదలు. నాలుగో ఆకు వచ్చేదాకా ఈ కాపలా తప్పదు. ఆగస్టులో మీరు బీరకాయ తొక్కు తీసి పచ్చడి చేసుకునేటప్పుడు ఈ బూడిద మూట ఒకసారి గుర్తు చేసుకోండి.

టమాటా సంగతి కూడా చెప్పాలి, అందరూ అడిగేది అదే. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవడం కష్టం, రాలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 దాటుతుంది. అప్పుడు రాలిన పూతే జూన్, జూలైలో కనపడని కాయ. 2023 జూలైలో కిలో 200 రూపాయలు దాటడం మీకు గుర్తుండే ఉంటుంది. మదనపల్లె మార్కెట్ పేరు ఆ నెలంతా వార్తల్లో మోగింది. ఆ రోజుల్లో మా బుట్టల్లోనూ టమాటా లేదు. ఉన్నట్టు చూపించడానికి బయట కొని పెట్టడం నాకిష్టం లేదు, ఇప్పటికీ పెట్టను.

మరి కూరలో పులుపు ఎలా అంటే, చింతచెట్టు వైపు చూడమంటాను. ఎండాకాలం చివర్లో, తొలి జల్లులకు, చింత చిగురేస్తుంది. లేతగా, కాస్త ఎర్రగా ఉన్నప్పుడే దూయాలి. అరచేతుల మధ్య వేసి మెల్లగా నలిపితే ఈనెలు విడిపోతాయి, చిగురు పొడిపొడిగా రాలుతుంది. కందిపప్పులో వెయ్యండి, ఎండు రొయ్యలతో వండండి, మటన్‌లో వెయ్యండి, టమాటా ఊసే రాదు. పుంటికూర ఉంది. చెట్టున మిగిలిన ఆఖరి పచ్చిమామిడి ఉంది. ఈ నెలలో ఈ నేల ఇచ్చే పులుపు ఇదీ.

మన పెద్దవాళ్లకు ఈ నెలల వెలితి బాగా తెలుసు. చలికాలం చివర్లో కాయ విరగకాసినప్పుడు వంకాయ, గోరుచిక్కుడు, కాకర ముక్కలు ఎండబెట్టి ఒరుగులు చేసేవారు. రోళ్లు పగిలే రోహిణి ఎండను కూడా వదలకుండా మామిడి ఒరుగులు, చల్ల మిరపకాయలు, వడియాలు పెట్టేవారు. చిన్నప్పుడు నేను వాటిని పక్క వంటకాలనుకునేదాన్ని. ఇప్పుడు చేలో నిలబడి చూస్తే తెలుస్తోంది, అవి కాయలు లేని ఈ రోజులను దాటించే దినుసులు. అందుకే రెండేళ్లుగా ఫిబ్రవరి, మార్చిలో మిగిలిన కాయను మేమూ ఒరుగులు చేస్తున్నాం. కిందటేడు జూన్‌లో వాటిని బుట్టల్లో పెడితే ఒకావిడ ఫోన్ చేసి, వాళ్ల అమ్మమ్మ పోయాక మళ్లీ గోరుచిక్కుడు ఒరుగుల వేపుడు తినలేదని చెప్పి ఏడ్చేసింది. ఏం మాట్లాడాలో నాకూ తెలియలేదు.

ఇంకొకటుంది. తోటలో మనం వెయ్యకపోయినా వచ్చే కూర. వాన పడ్డ వారానికి సాళ్ల మధ్య గంగవావిలి నేలంతా పరుచుకుంటుంది. కొన్నిచోట్ల గంగపాయల అంటారు. కలుపు తీస్తున్నామంటూ దాన్ని గట్టు మీద పారేస్తాం. అది పుల్లపుల్లగా, పప్పులోకి ఎంతో బాగుంటుంది. గట్ల మీద తెల్ల గలిజేరు, తుమ్మి కూడా ఇప్పుడే వస్తాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇలాంటి సాగు చెయ్యని ఆకుకూరల గురించి ఎన్నో ఏళ్లుగా అందరికీ చెప్తున్నాయి. 2008లో వాళ్లు సంఘం రేడియో అని సొంత రేడియోనే పెట్టుకున్నారు, ఊళ్లో ఆడవాళ్లే దాన్ని నడుపుతారు. రేడియోలో మాట్లాడే అవకాశం నాకొచ్చినప్పుడు ముందు గుర్తొచ్చింది వాళ్లే. ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా వినండి. తెలిసినవాళ్లు చేత్తో చూపించకుండా ఏ ఆకూ ఏరి వండొద్దు.

ఈ శనివారం బుట్టలో ఏముందో చెప్పేసి సెలవు తీసుకుంటాను. పుంటికూర రెండు కట్టలు, తోటకూర ఒకటి, గంగవావిలి ఒకటి. చింతచిగురు పావుకిలో. వేసవిలో కోసి నిల్వపెట్టిన గుమ్మడికాయలో ఒక ముక్క, గోరుచిక్కుడు ఒరుగులు ఒక పొట్లం. మే నెలలో వేసిన బెండ పూతకొచ్చింది. బీర నాలుగో ఆకు దాటింది. నిన్న పొద్దున బూడిద మూట పట్టుకుని వెళ్తే, ఒక పాదు అప్పటికే నులితీగ చాపి పందిరి దారాన్ని రెండు మెలికలు చుట్టేసి ఉంది.

నమస్కారం.