పంచనామా రోజే మన పైసలు తేలేది

పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్తే. మీ ఊర్ల పైపులైను నోటీసులు వచ్చినయని సర్పంచ్ గారు ఫోన్ చేసి రమ్మన్నరు. నేను వకీలును కాదు. నల్లగొండ పక్కనే మా బత్తాయి తోటల నుంచి లైను పోయింది, అప్పుడు ఏం తెల్వక నష్టపోయిన, తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగి, వకీళ్లను అడిగి నేర్చుకున్న, అదే చెప్త.

ఫస్ట్ ఒకటి అర్థం చేసుకోండ్రి. భూమి గుంజుకుంటలేరు. పట్టా మనదే, పాస్‌బుక్ మనదే. 1962ల వచ్చిన పెట్రోలియం, మినరల్స్ పైపులైన్ల కేంద్ర చట్టం కింద భూమిని వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటరు, ఆఫీసోళ్లు ఆర్ఓయూ అంటరు. సర్వేకు వచ్చిన పిల్లగాడు "భూమి నీదే ఉంటది గదా కాకా, పైపు కిందికెళ్లి పోతది, పైన నువ్వు దున్నుకో" అంటడు. దున్నుకోవచ్చు, నిజమే. కానీ పైపు పోయే ఆ పట్టీల ఇల్లు కట్టొద్దు, బావి తవ్వొద్దు, కుంట కట్టొద్దు, చెట్టు పెట్టొద్దు. పత్తి వేసుకోవచ్చు, వరి వేసుకోవచ్చు, బత్తాయి పెట్టొద్దు. మన దిక్కు తోట ఉన్నోడికి ఇది ఒక్క ఏడాది నష్టం కాదు, మనుమల దాక పోతది.

దీనికి ఇచ్చేదెంత? నోటిఫికేషన్, అంటే ఈ హక్కు తీసుకుంటమని సర్కారు ఇచ్చే ప్రకటన, వచ్చిన నాటి మార్కెట్ విలువల 10 శాతం అని చట్టంలనే ఉన్నది. లెక్క చూడుండ్రి. పట్టీ వెడల్పు 18 మీటర్లు అనుకుందాం, చేన్ల పొడుగు 200 మీటర్లు, అంటే 3,600 చదరపు మీటర్లు, మన లెక్కల 35 గుంటలన్నర. ఎకరానికి 10 లక్షలని కాగితం మీద పెడితే చేతికొచ్చేది 89 వేలు. అదే ఎకరం నిజంగ 30 లక్షలకు అమ్ముడుపోతుంటే 2 లక్షల 67 వేలు రావాలె. అందుకే "పర్సెంటేజీ పెంచు" అని కొట్లాడుడు కంటే "ఏ విలువ మీద లెక్క కట్టినవ్ సార్, కాగితం చూపెట్టు" అని అడుగుడు మేలు. మీ ఊర్ల, పక్క ఊర్ల నోటిఫికేషన్ కంటే ముందు అయిన రిజిస్ట్రేషన్ల కాపీలు తహసీల్దార్ ఆఫీసుల తీసుకొని దగ్గర పెట్టుకోండ్రి, నోటితోని చెప్పిన రేటు ఏ అధికారి రాసుకోడు.

అయితే నా అనుభవంల అసలు పైసలు భూమి విలువల లేవు, పంచనామాల ఉన్నయ్, అంటే చేన్లకొచ్చి ఏమేం పోతున్నయో చూసి రాసే కాగితంల. చెట్లు, నిలబడ్డ పంట, చేను రెండు ముక్కలైతే ఆ ఇబ్బంది, డ్రిప్పు పైపులు, పోయే సంపాదన, ఇవన్ని ఆ 10 శాతానికి సంబంధం లేకుండ వేరే లెక్క కట్టి ఇయ్యాలె. ఇరవై అడుగులకొక చెట్టు పెడితే ఎకరాకు వంద పైన బత్తాయి చెట్లు వస్తయ్. మా తోటల పంచనామా నాడు నేను నీళ్ల పనిమీద బోరు కాడ ఉన్న, మా నాయిన ఒక్కడే ఉన్నడు. లెక్క రాసేటాయన గెట్టు మీద నిలబడి చేతితోని చూపెట్టి 31 అని రాసిండు. మా నాయిన వేలిముద్ర పెట్టిండు. సాయంత్రం నేను పోయి ఒక్కో మొద్దుకు సున్నం బొట్టు పెట్టుకుంట లెక్కపెడితే 38. కాపుకు రాని ఏడు పిల్ల చెట్లను లెక్కలనే పట్టలేదు. నాలుగేండ్లు నీళ్లు పోసి పెంచిన చెట్లు అవి, మరుసటేడు కాపు పట్టేటివి. ఆ ఏడు చెట్ల కోసం సంవత్సరంనర తిరిగినా రూపాయి రాలేదు, వేలిముద్ర ఉన్నది గదా అన్నరు.

అందుకే బతిమాలి చెప్తున్న, మిషన్ దిగకముందే చెట్ల మీద రంగుతోని నంబర్లు రాయండ్రి, ఫోన్‌ల వీడియో తీయండ్రి, పంచనామాల చెట్టు వయసు, కాపు ఉన్నదా లేదా, డ్రిప్పు ఎన్ని మీటర్లు, గెట్టు రాళ్లు ఎన్ని, అన్ని రాయించి చదివించుకొని అప్పుడు సంతకం పెట్టండ్రి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవ్వరు పెట్టొద్దు. ఒక కాపీ మీ దగ్గర ఉండాలె.

మన్ను సంగతి మర్చిపోవద్దు. పైపు కనీసం మీటరు లోతుల ఉండాలె, తవ్వినప్పుడు పైన ఉన్న ఎర్ర మన్ను పక్కకు వేరే కుప్ప పెట్టాలె, లేకపోతే మొరం పైకొచ్చి మన్ను కిందికి పోతది. మా దాంట్ల గట్లనే అయింది, రెండు పంటలు పత్తి మోకాలు దాటలేదు. ముందే రాయించుకుంటే అడిగేటందుకు ఉంటది.

ఇంక నోటీసు వచ్చినోళ్లు జాగ్రత్త, నోటిఫికేషన్ తేదీ నుంచి అభ్యంతరం చెప్పేటందుకు 21 రోజులే టైం. కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ పనికి సర్కారు పెట్టిన అధికారికి, రాతపూర్వకంగ ఇయ్యాలె, రసీదు తీసుకోవాలె. లైనును గెట్టు పొంటి జరపమని అడిగేటందుకు ఇదే సమయం, తర్వాత హక్కు తీసుకున్నమని సర్కారు డిక్లరేషన్ అయ్యిందంటే ఎంత మొత్తుకున్నా లైను జరగదు. ఇచ్చిన పైసలు న్యాయం కాదనిపిస్తే జిల్లా జడ్జి కాడికి పోవచ్చు, లేట్ చెయ్యకుండ్రి. రేపు రిపేరుకు మళ్ల చేన్లకు దిగితే ఆ నష్టం కూడ కట్టియ్యాల్సిందే.

కౌలు చేసేటోళ్లు కూడ ఇక్కడ ఉన్నరని తెలుసు. పోయిన పంట ఎవరు వేసిన్రో వాళ్లకు పైసలు రావాలె, పట్టాదారు అన్నలు ఈ విషయంల మంచిగ ఉండాలె, కౌలుదారు పేరు పంచనామాల రాయించండ్రి. నాయిన చనిపోయి ఇంక ఆయన పేరు మీదనే పట్టా ఉన్నోళ్లు రేపే విరాసత్‌కు, అంటే వారసుల పేరు మీదికి పట్టా మార్చేటందుకు, పెట్టుకోండ్రి, లేకుంటే చెక్కు ఆడనే ఆగిపోతది, అన్నదమ్ములు కొట్లాడుకుంటరు.

మా పంచనామా జిరాక్స్ తెచ్చిన, ఇగో ఇక్కడ 31 అని రాసి ఉన్నది చూడుండ్రి. నోటీసు ఎవరెవరికి వచ్చిందో పట్టుకొని ముందుకు రాండ్రి, తేదీలు చూసి 21 రోజుల ఎన్ని మిగిలినయో ఇప్పుడే లెక్క పెడదాం.