ఆ రాత్రి వచ్చింది ఒక్కరే

(మిషనరీల వీడ్కోలు కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువునందు ప్రియులైన మీ అందరికీ వందనాలు. అధ్యక్షుల వారికీ, వేదిక మీదున్న పెద్దలకూ, వెనకాల కుర్చీలు దొరక్క నిలబడ్డ తమ్ముళ్లకూ వందనాలు. పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. అది జేబులోనే ఉంది, అక్కడే ఉండనీయండి. నాకిచ్చింది ఇరవై నిమిషాలే.

‘పరదేశంలో క్రిస్మస్ ఆనందం’ అని అంశం ఇచ్చారు. మూడు ముఖ్యాంశాలు రాసుకొచ్చాను. మొదటిది చరిత్ర.

1814 డిసెంబరు 25, ఆదివారం. న్యూజిలాండ్‌లో బే ఆఫ్ ఐలండ్స్ ఒడ్డున ఓహీ అనే చోట ఇంగ్లీషు మిషనరీ శామ్యూల్ మార్స్‌డెన్ క్రిస్మస్ ఆరాధన జరిపాడు. అక్కడ డిసెంబరంటే నడివేసవి. అక్కడి మూలవాసులైన మావోరీల నాయకుడు రువాతారా ముందురోజే స్థలం చుట్టూ కంచె కట్టించాడు, పాత పడవలు బోర్లించి తెల్లవాళ్లకు బల్లలు చేశాడు, ప్రసంగ పీఠం కూడా సిద్ధం చేయించాడు. వాక్యం లూకా రెండో అధ్యాయం పదో వచనం, ‘మహా సంతోషకరమైన సువర్తమానము’. మార్స్‌డెన్ చెప్పిందంతా ఇంగ్లీషులో. మాకేమీ అర్థం కాలేదని జనం రువాతారాను అడిగితే, ఇప్పుడు కాకపోయినా పోనుపోను అర్థమవుతుందిలే అన్నాడట.

నాకు మార్స్‌డెన్ కన్నా ఈ రువాతారా మీదే మనసు. ఆ పండగ నిజంగా చేసింది ఎవరండీ? నేల అతనిది, పడవలు అతనివి, కూడిన జనం అతని మాట మీద కూడినవాళ్లు. మూడు నెలలు తిరక్కుండానే ఆయన చనిపోయాడు. అక్కడ మొదటి మావోరీ బాప్తిస్మం జరిగింది 1825లో. మధ్యలో పదేళ్లు! ఆ పదేళ్లూ ప్రతి క్రిస్మస్‌కీ అక్కడి మిషనరీలు స్వదేశానికి ఏమని రిపోర్టు రాసి ఉంటారు?

రిపోర్టు మాట వచ్చింది కాబట్టి రెండో అంశం పక్కన పెడుతున్నాను. క్షమించాలి.

నేను పనిచేసిన దేశం పేరు ఈ వేదిక మీద చెప్పను. మనవాళ్లు ఇంకా అక్కడ ఉన్నారు. డిసెంబరు 25న అక్కడ సెలవు లేదు. బడులు నడుస్తాయి, బస్సులు నడుస్తాయి, పక్కింటాయన ఎప్పటిలాగే డ్యూటీకి పోతాడు. మా మొదటి క్రిస్మస్‌కి అద్దె గదిలో పన్నెండు కుర్చీలు వేశాం. రెండు నెలల్లో నేర్చుకున్న ఆ భాషలో ప్రసంగం రాసుకున్నాను, కంఠతా పట్టాను. ఏడయింది, ఎనిమిదయింది. మా ఇంటావిడ ఒక్కో కుర్చీ తీసి గోడకు చేర్చడం మొదలుపెట్టింది. మనసు నొచ్చుకోకూడదని చప్పుడు కాకుండా తీస్తోంది. ఆ చప్పుడు లేకపోవడమే నాకు ఎక్కువ వినిపించింది.

తొమ్మిదింటికి కింది ఇంట్లో ఉండే ముసలావిడ వచ్చింది. ఇంత రాత్రి లైటు వెలుగుతోందేం, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని. ఆవిడ మంత్రసాని. పుట్టినరోజు చేస్తున్నాం అన్నాను. ఎవరికి అంది. చెప్పాను. కంఠతా పట్టిందంతా ఎగిరిపోయింది, వచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పాను. ప్రయాణం, నిండు గర్భిణి, సత్రంలో చోటు లేకపోవడం. ఆవిడ ఆపింది.

“పురుడు ఎవరు పోశారు?” అంది.

నేను వేదాంత కళాశాలలో చదువుకున్నవాణ్ణి. అన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. లూకా సువార్త తెరిచి వెతికాను. ‘పొత్తిగుడ్డలతో చుట్టి’ అని ఉంది. ఆ చుట్టింది కన్నతల్లే. ఇంకో ఆడమనిషి పేరు లేదు. అది చెప్పగానే ఆవిడ కళ్లు తుడుచుకుంది. “మొదటి కాన్పా? ఎవరూ లేరా?” అంటూ మా ఇంటావిడ చేయి పట్టుకుని అరగంట అలాగే కూర్చుంది. నేను ప్రసంగం చెప్పలేదు.

వారం తర్వాత స్వదేశం నుంచి, మమ్మల్ని పంపినవారి ఆఫీసు నుంచి, ఉత్తరం వచ్చింది. ఏ ఆఫీసో మీకెందుకు. క్రిస్మస్ కూడికకు ఎంతమంది వచ్చారు, ఫొటోలు పంపగలరు అని. “ఒక్కరు” అని రాశాను. ఆ ముసలావిడ సంగతంతా రెండు పేజీలు రాశాను. వాళ్ల పత్రికలో వేయలేదు. మరుసటి ఏడు మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ ఫొటోలు పంపమనే. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్తాను, మూడో ఏడు నేను పిల్లలకు మిఠాయి పంచి గది నింపి ఫొటో తీయించాను. అది అచ్చయింది, మొదటి పేజీలో.

చూడండి, కానుకలు వద్దని నేననడం లేదు. లాటీ మూన్ సంగతి మీలో కొందరికి తెలుసు. 1873లో చైనా వెళ్లిన అమెరికన్ మిషనరీ. క్రిస్మస్‌కి ముందు వారం ప్రార్థించి మిషన్ పనికి కానుక పట్టండని 1887లో ఉత్తరం రాసింది. మరుసటి ఏడు సదరన్ బాప్టిస్టు స్త్రీలు 3,315 డాలర్లు పోగుచేశారు. 1918లో ఆ కానుకకు ఆవిడ పేరే పెట్టారు. కానుకతో పాటు ఆవిడ అడిగింది మనుషుల్ని, పక్కన నిలబడి పని పంచుకునేవాళ్లని. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, ఆరోగ్యం పూర్తిగా చెడి స్వదేశానికి ఓడలో వెళ్తూ, జపాన్‌లోని కోబే రేవులో ఆ ఓడలోనే కన్నుమూసింది. తేదీ 1912 డిసెంబరు 24. ఇంటికి చేరింది అస్థికలు.

అయ్యా, టైము అయిపోయిందని చీటీ వచ్చింది. అది కూడా జేబులో పెట్టుకుంటున్నాను.

ఈ వేదిక మీద కూర్చున్న ఈ ఇద్దరు పిల్లలు వచ్చే వారం వెళ్లిపోతున్నారు. మీ ఫోన్లు బయటికి తీయండి. తీయండమ్మా, మొహమాటం లేదు. వాళ్ల టైముకీ మన టైముకీ తేడా ఎంతో ఇప్పుడే అడిగి, వాళ్లకు ఫోన్ చేయడానికి డిసెంబరు 24 రాత్రికి అలారం పెట్టుకోండి. పదిమంది చేస్తే చాలు. అందరూ ఒకేసారి చేస్తే వాళ్లకు భోంచేయడానికి కూడా వీలుండదు.

చెల్లెమ్మా, నీకొక మాట. కూడికకు ఎంతమంది వచ్చారని ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోకు, సంఖ్య రాసెయ్యి. ఆ రాత్రి మీ తలుపు ఎవరు తట్టారో, వచ్చి ఏమడిగారో, అది మాత్రం నాకు రాయి. రెండు పేజీలైనా సరే.